ఎనిమిదో రోజు

"చూడండి, సోమేశ్వర్‌గారు కీబోర్డు ముట్టుకోనే లేదు. ఆయన పేజీ దానంతటదే నిండింది," అన్నాడు డాక్టర్ ప్రభంజన్, తెర వైపు చేయి చూపిస్తూ. పాత రేడియోలు బాగుచేసే సోమేశ్వర్ తన పేజీని తనే నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

రాజమండ్రి దానవాయిపేటలో ఒక టైలరింగ్ షాపు మేడమీది గది అది. సొంత వెబ్‌సైట్లు సొంత చేతుల్తో కట్టుకునేవాళ్ళు పన్నెండు మంది ప్రతి ఆదివారం పొద్దున్న అక్కడ చేరతారు. ఏది కావాలన్నా ఫోనులోని ఏఐ అసిస్టెంట్‌ని అడిగి తెలుసుకునే రోజులవి. వెబ్‌సైట్ తెరిచి చదివే నాథుడే లేడు. అయినా వీళ్ళు పట్టిన పట్టు విడవలేదు. ఒకరి పేజీ కింద ఇంకొకరి పేజీకి లింకు పెట్టి, చుట్టూ తిరిగి మొదటికే వచ్చేలా గొలుసు కట్టుకున్నారు. దాని పేరు వలయం. వలయానికి ఒకటే నియమం. ఎవరి పేజీ అయినా ఏడు రోజులు కదలకపోతే, ఎనిమిదో రోజు మిగతావాళ్ళు ఆ ఇంటికి వెళ్ళి తలుపు తట్టాలి. వెళ్ళొచ్చిన సంగతి తమ పేజీలో రాయాలి.

ఆ నియమం పెట్టింది హైమావతి. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఒంటరిగా ఉంటుంది. ఊళ్ళో చేత్తో రాసిన సైన్‌బోర్డు ఎక్కడ కనిపించినా ఫొటో తీసి, రోజుకొకటి పేజీలో పెడుతుంది. కంప్యూటర్లలో పీహెచ్‌డీ చేసిన ప్రభంజన్ ఒకప్పుడు ఆమె స్టూడెంటే.

అతను తెచ్చిన యంత్రం పేరు 'నీడ'. అరచేతిలో పట్టేంత పెట్టె. మీరు ఇన్నేళ్ళూ రాసిందంతా చదివి, మీ ధోరణి పట్టుకుని, మీకు తీరిక లేని రోజున మీ బదులు రాసేస్తుంది. వలయంలో మీకున్న అలవాట్లన్నీ దానికీ వస్తాయి.

"అంటే నేను మంచం పట్టినా నా పేజీ నడుస్తూనే ఉంటుందా?" అడిగింది హైమ.

"అదే కదండీ దీని గొప్ప," అన్నాడు ప్రభంజన్ సంబరంగా.

"అయితే నాకొద్దు నాయనా. నా పేజీ ఆగితేనే నాకేదో అయిందని వీళ్ళకి తెలిసేది. నాకున్న ఆధారం అదొక్కటే. దాన్ని నీ పెట్టె చేతిలో పెట్టను."

"మరీ ఇంత మొండితనమా హైమగారూ?" అంది నజీమా నవ్వుతూ. కింది షాపు ఆమెదే.

"మొండిదాన్నే. ఇవాళ కొత్తగా తెలిసిందా?"

మిగతా పదకొండు మందీ పెట్టెలు పట్టుకెళ్ళారు. ఎవరికి మాత్రం తీరిక ఉంది, చెప్పండి. పేజీలు రోజూ కళకళలాడాయి. ఆదివారాలు మాత్రం పలచబడ్డాయి. ఇదివరకు ఎవరో ఒకరు పేజీ కోడ్‌లో ట్యాగు మూయడం మర్చిపోతే పేజీ మొత్తం లావు అక్షరాలైపోయేది, అది చూసి అందరూ పడీపడీ నవ్వేవారు. ఇప్పుడు తప్పులూ లేవు, నవ్వడానికి మనుషులూ లేరు.

మూడు నెలలకి హైమకి టైఫాయిడ్ వచ్చింది. మామూలు జ్వరమేలే అని మాత్ర మింగి పడుకుంది. నాలుగు రోజులకి లేచి నడిచే ఓపిక కూడా పోయింది. మంచం పక్కనున్న టిన్నులో నీళ్ళే గుక్కెడు గుక్కెడు తాగుతూ నెట్టుకొచ్చింది. ఫోను చార్జింగ్ అయిపోయి ఎక్కడో పడుంది. ఆమె భయపడలేదు. ఎనిమిదో రోజు వీళ్ళొస్తారు కదా అని తలుపు వైపే చూస్తూ రోజులు లెక్కపెట్టుకుంది. ఎనిమిదో రోజు వచ్చింది, మనుషులు రాలేదు. తొమ్మిదీ గడిచింది. పదో రోజు నీళ్ళ టిన్ను వేసే అతను ఎంత పిలిచినా పలక్కపోయేసరికి అనుమానమొచ్చి, తలుపు పగలగొట్టించి ఆస్పత్రిలో చేర్పించాడు.

కాస్త తేరుకున్నాక ఫోను తెరిచి వలయమంతా ఒక చుట్టు చదివింది. పదకొండు పేజీల్లోనూ ఎనిమిదో రోజు తారీఖుతో తలా ఒక ముక్క ఉంది. 'హైమగారింటికి వెళ్ళొచ్చాను. కాస్త నీరసంగా ఉన్నారు, అంతే. వద్దన్నా కాఫీ పెట్టి ఇచ్చారు' అని నజీమా పేజీ. సోమేశ్వర్ పేజీ అయితే ఆమె నవ్విన నవ్వు గురించి నాలుగు లైన్లు రాసింది. హైమకి ఒళ్ళు మండిపోయింది. 'ఆదివారం వస్తున్నాను. అందరూ రండి' అని తన పేజీలో పెట్టి ఊరుకుంది.

ఆదివారం హైమ గోడ పట్టుకుని మెట్లెక్కేసరికి గదిలో నజీమా, ఇంకో ముగ్గురు, ప్రభంజన్ ఉన్నారు.

"నా చేతి కాఫీ ఎలా ఉందమ్మా?" అని అడిగింది నజీమాని.

జరిగిందంతా విని నజీమా తల దించుకుంది. "నా పేజీ నేను చూసుకోనే లేదండీ. మిగతావాళ్ళవి చూశాను. ఇంతమంది వెళ్ళొచ్చారు కదా, ఇంక నేనెందుకులే అనుకున్నాను."

మిగతా ముగ్గురి జవాబూ అదే.

ప్రభంజన్ గొంతు సవరించుకున్నాడు. "యంత్రం తప్పు కాదండీ. మీ అలవాటే అది నేర్చుకుంది. వెళ్ళకుండా వెళ్ళానని రాయకూడదని నేర్పాలి, అంతే. వచ్చే నెలకి సరిచేస్తాను."

"నువ్వు సరిచేసేదేం లేదు. నేను చచ్చి పడున్నా మీ పెట్టెలు నా చేతి కాఫీ తాగేవి. వలయంలో ఉండాలనుకునేవాళ్ళు పెట్టె తెచ్చి ఈ బల్లమీద పెట్టండి. లేదంటే మీ దారి మీది. ఇద్దరం మిగిలినా నాకు చాలు."

నజీమా కిందికెళ్ళి పెట్టె తెచ్చి పెట్టింది. ఆ ముగ్గురూ తమ సంచుల్లోంచి తీసి పెట్టారు. రాని ఏడుగురి సంగతేమిటని వాళ్ళ పేజీలు తెర మీద తెరిచారు. ఏడింట్లోనూ ఇవాళ్టి తారీఖే ఉంది. 'ఈ ఆదివారం అందరం కలిశాం. హైమగారిని చూసి ప్రాణం లేచొచ్చింది.'

"సోమేశ్వర్‌గారిని చివరిసారి ఎప్పుడు చూశాం?" అంది నజీమా. ఎవరికీ గుర్తు రాలేదు.

హైమ లేచింది. "ఆటో పిలవండి. ఏడుగురిళ్ళకీ వెళ్దాం. ప్రభంజన్, నువ్వు ముందు నడువు. తలుపులు నీ చేత్తోనే కొట్టాలి."

ముందు సోమేశ్వర్ ఇంటికి వెళ్తున్నామని హైమ ఆటోలోంచే తన పేజీలో ఒక లైను రాసింది. చేరేసరికి వీధి తలుపు వేసి ఉంది. ప్రభంజన్ రెండుసార్లు కొట్టాడు. అంతలో నజీమా ఫోనులో సోమేశ్వర్ పేజీ కొత్తగా నిండింది. 'ఇప్పుడే స్నేహితులు వచ్చారు. హాయిగా కబుర్లు చెప్పుకున్నాం.'

అది చదివేసరికి ప్రభంజన్ చెయ్యి ఆగిపోయింది.

"ఆపకు," అంది హైమ. "లోపల మనిషి పలికేదాకా కొట్టు."