తిన్నని కుట్టు

"పట్టుకోగానే చెయ్యి వణికే మగాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అంది మొదటి రోజే, ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తం తీసే అమ్మాయి.

"నీ అందానికి కాదులే సూదమ్మా, మాత్రలకి," అన్నాడు టైలరు రోషంగా.

అతని లివర్ పాడైపోతే అక్క తన దాంట్లో సగం ఇచ్చింది. ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా పూటపూటా మాత్రలు. ఆ మాత్రలకే వేళ్లు వణుకుతాయి.

వచ్చినప్పుడల్లా రక్తంతోపాటు మనసూ కాస్త కాస్త ఇచ్చేశాడు. ఒకసారి ఆమె తెల్లకోటు అంచు ఊడితే కుట్టిచ్చాడు. కుట్టు పాము పాకినట్టు వచ్చింది.

"నడుస్తూ కుట్టావా ఏంటి?" అని ఆమె పగలబడి నవ్వింది.

ఓ వాన సాయంత్రం అతను కొత్త కోటు కుట్టి తెచ్చాడు. అంచు తిరగేసి చూసింది. చేతికుట్టు గీత గీసినట్టుంది. మురిసిపోవలసింది పోయి ముఖం కందగడ్డ చేసుకుంది.

"చెయ్యి చూపించు."

చాచాడు. వణుకు లేదు.

"మాత్రలు మానేశావా?"

"అబ్బే, సాయంత్రం మాత్రలొక్కటే... నీ కోటు చూసి నలుగురూ నవ్వరూ? అయినా అక్క లివరేగా, ఈపాటికి ఒంటికి అలవాటైపోయుంటుంది."

"ఒంటికి వావివరసలు తెలుసా? దాని కాపలా వాకిట్లో కుక్క. అక్కొచ్చినా దొంగొచ్చినా ఒకటే, మీద పడుతుంది! మాత్రలు దాని మెడకి గొలుసు. ఆ గొలుసు విప్పి నా కోటు కుట్టావా? మీ అక్క పొట్ట కోయించుకుంది ఇందుకా?"

రెక్క పట్టుకుని లాక్కెళ్లి రక్తం తీసింది. రిపోర్టు చూసిన డాక్టరు వెంటనే మంచం ఎక్కించాడు. ఇంకొన్నాళ్లు పోతే లివర్ దక్కేది కాదన్నాడు.

అక్క పరుగున వచ్చింది. "సన్నాసీ! నా సగం నాకిచ్చెయ్‌రా!" అని తిట్టి, తిట్టి, ఏడ్చింది.

వంకర కుట్టు చూసి ముందు నవ్వింది తనేనని గుర్తొచ్చి, ఆ అమ్మాయికి తన మీద తనకే ఒళ్లు మండింది.

లివర్ కుదుటపడింది. వేళ్లు మళ్లీ వణికాయి. ఇంటికి వెళ్లే రోజు ఆమె కోటు తెచ్చి అతని ఒడిలో పడేసింది.

"ఈ తిన్నని కుట్టు విప్పెయ్. చూస్తేనే మంటగా ఉంది. మళ్లీ కుట్టు."

"వంకరొస్తుంది. జన్మంతా వంకరే."

"రానీ. వంకరగా ఉంటేనే నువ్వు మాత్ర వేసుకున్నట్టు. జన్మంతా అదే తొడుక్కుంటా. అర్థమైందా మొద్దూ?"

అతనికి అర్థమయ్యేలోపే అక్కకి అర్థమైంది. "ఇక వీడి మాత్రల పూచీ నీదే మరదలా," అంది.

అతను ఎక్కించబోతుంటే దారం సూది బెజ్జం పక్కనుంచే జారిపోతోంది. ఆ అమ్మాయి కోపంగానే పక్కన కూర్చుని, సూది కదలకుండా పట్టుకుంది.