టిష్యూ ప్యాకెట్ పెట్టిన టేబుల్

“ఒంటిగంటలోపు ఆ పేరు వాళ్ల చేతికి చిక్కితే, సురబాయాలో హరున్ ఈ రాత్రి చూడడు,” అంది డాక్టర్ వివియన్ సియా.

సింగపూర్ గూఢచారి విభాగంలో ఆమె సైకాలజిస్టు. పచ్చరాళ్ల చెవిపోగులు, ఒక్క వెంట్రుక చెదరని జుట్టు. హరున్ మూడేళ్లుగా శత్రుముఠాలో చేరి పనిచేస్తున్న వీళ్ల మనిషి. అతని అసలు పేరు ఎవరో అమ్మేశారు.

“ఆ పేరు బెడోక్ హాకర్ సెంటర్లో చేతులు మారుతుంది. తెచ్చేవాడు ఎర్ర టై కట్టుకున్న విదేశీయుడు. కళ్లు వాడి మీదే ఉంచు, పెక్.”

“చుట్టూ ఇంకేదైనా జరుగుతుంటే, డాక్టర్?” అన్నాడు ఏజెంట్ రోలండ్ పెక్.

“కనబడదు. మనసు టార్చిలైటు లాంటిది. వెలుగు పడినచోటే చూస్తుంది, పక్కన ఏనుగు నిలబడినా గమనించదు. సెలెక్టివ్ అటెన్షన్ అంటాం. వెలుగు ఎక్కడ వేయాలో నేను చెప్పానుగా!”

పన్నెండూ ఐదుకి పెక్ డెలివరీ చొక్కా వేసుకుని, ఖాళీ ట్రేతో ఆ తిండికొట్ల మధ్య తిరుగుతున్నాడు. ఎర్ర టై మనిషి చికెన్ రైస్ తింటున్నాడు. చెమట తుడుచుకుంటే సైగ అనిపించింది. ఫోన్ చూస్తే సంకేతం అనిపించింది. ఒకటి నమ్మాక ప్రతిదీ దానికి సాక్ష్యంలాగే కనబడటం కన్ఫర్మేషన్ బయాస్. ఆ పాఠమూ వివియన్ చెప్పిందే.

పన్నెండు నలభై. ఎర్ర టై మనిషి చేతులు కడుక్కుని వెళ్లిపోయాడు. ఎవరినీ కలవలేదు.

“పెక్, ఏమైంది?” చెవిలో చీఫ్ రోస్నా గొంతు.

“వాడు కాదు, చీఫ్.” పెక్ చుట్టూ చూశాడు. ట్రేలు పట్టుకుని పది మంది చోటు కోసం వెతుకుతున్నారు. ఒక టేబుల్ మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద టిష్యూ ప్యాకెట్.

టిష్యూ పెట్టారంటే ఆ చోటు ఎవరో పట్టుకున్నట్టే. ఈ ఊళ్లో ఎవరూ దాన్ని ముట్టుకోరు. పెక్ కూడా రెండుసార్లు పక్కకి తప్పుకుని వెళ్లాడు. కానీ ముప్పై అయిదు నిమిషాలు! అన్నం తెచ్చుకోవడానికి అంతసేపు ఎవరికి పడుతుంది?

పొగలు కక్కే కొబ్బరిపాల నూడుల్స్ పులుసు, లక్సా, ఒక గిన్నె కొనుక్కుని వెళ్లి అక్కడ కూర్చున్నాడు. తన మీద తుపాకీ గురిపెట్టినప్పుడు కూడా ఇంత జంకలేదు. ప్యాకెట్ విప్పాడు. రెండో టిష్యూ మీద నీలి సిరాతో హరున్ అసలు పేరు, చిరునామా.

“ఏం అంకుల్, కళ్లు కనబడవా? టిష్యూ పెట్టారుగా!” కాఫీ కొట్టు ఆంటీ అరిచింది.

“లేవయ్యా! మేం నిలబడలేదా?” ట్రే పట్టుకున్న ఒకతను.

“థాంక్యూ ఆంటీ. అది నా టేబుల్.” ఎదురుగా వివియన్. ఆఫీసులో ఉండాల్సిన మనిషి! ఆమె వెనక టోపీ పెట్టుకున్న ముసలాయన తొందరగా చెయ్యి చాచాడు. “మా అమ్మాయి ప్యాకెట్ ఇచ్చెయ్, బాబూ.”

“పాపం ముసలాయన! ఇచ్చెయ్, సిగ్గులేదా?” జనం చుట్టూ మూగారు.

పెక్ చెవులు ఎర్రబడ్డాయి. తెలియకుండానే సగం లేచాడు. ప్యాకెట్ పట్టుకున్న చెయ్యి దానంతటదే ముందుకు సాగింది. నలుగురూ ఒకటంటే మన ఒళ్లు మన మాట వినదు. కన్ఫర్మిటీ అంటే ఇదే. ముసలాయన వేళ్లు ప్యాకెట్ అంచుని తాకాయి.

పెక్ మణికట్టు తిప్పి ప్యాకెట్ని లక్సా గిన్నెలో ముంచేశాడు.

“అయ్యో!” వివియన్ పొగలు కక్కుతున్న పులుసులో చెయ్యి పెట్టేసింది. మణికట్టు దాకా. దొరికింది ఒట్టి ముద్ద. నీలి సిరా కొబ్బరిపాలలో కరిగిపోయింది.

జనం ఒకడుగు వెనక్కి వేశారు. టిష్యూ ముక్క కోసం ఎవరూ చెయ్యి కాల్చుకోరు.

“చీఫ్, హరున్ పేరు చెరిగిపోయింది, ఎవరికీ చిక్కలేదు. అమ్మింది మన డాక్టరే. కొనేవాడూ ఇక్కడే ఉన్నాడు,” అన్నాడు పెక్. మామూలు బట్టల్లో ఉన్న విభాగం మనుషులు ఇద్దరినీ పట్టుకున్నారు.

“టార్చి బాగానే వేశాను కదా,” అంది వివియన్, కాలిన చెయ్యి పట్టుకుని.

“వేశారు డాక్టర్. నేనూ అరగంట అటే చూశాను.”

హరున్ ఆ రాత్రి సురబాయాలో మామూలుగా భోంచేశాడు. పెక్‌కి ప్రశంసాపత్రం వచ్చింది. బెడోక్‌లో మాత్రం ఆంటీ అతనికి ఇప్పటికీ కాఫీ పోయదు. దేశం సంగతి ఆమెకి తెలియదు. ఒకరి టేబుల్ లాక్కున్న మనిషని మాత్రం బాగా తెలుసు.