కాకిలంక సీసం

ఆరో పన్ను ఆమ్లంలో కరుగుతుండగా ఐదోదాని లెక్క తెరమీదికి వచ్చింది. పన్నులోని సీసంలో 206కు 204తో నిష్పత్తి 18.87. 207కు 15.71. కాలగణి యంత్రం ఆ రెండంకెలనీ తన వక్రరేఖ మీద కూర్చోబెట్టి నమూనా వయస్సు చెప్పింది: పది కోట్ల సంవత్సరాలు. అది ఏ మట్టి వయస్సో పక్క గడిలో పడింది: పెదరేవు. కౌముది ఒక ఊరుబిళ్ళ తీసి, మిగిలిన పన్ను ముక్కకు కట్టి, పెదరేవు అరలో పెట్టింది. ఆ అరలోకి చేరిన నాలుగు వందల తొమ్మిదో మనిషి అది.

ఉప్పెన వచ్చి పదకొండేళ్ళయింది. తవ్వోడలు సముద్రపు బురదలోంచి ఇప్పటికీ దవడలు తెస్తూనే ఉన్నాయి. జన్యువులు ఉప్పులో ఎప్పుడో చెడిపోయాయి. సీసం చెడదు. ఏ నేల మీద నీళ్ళు తాగి, ఏ నేల మీద పండింది తిని పెరిగితే ఆ నేల సీసమే పన్నులో ఉండిపోతుంది. అందులో 204 భూమి పుట్టిననాడు ఎంత ఉందో ఇప్పటికీ అంతే ఉంది. 206, 207 మాత్రం యురేనియం తరిగేకొద్దీ పెరుగుతూ వచ్చాయి. ఎంత పెరిగాయో చూస్తే ఆ సీసం ఎంత పాతదో తెలుస్తుంది. ఇంతే శాస్త్రం. ఒక్కో దవడ నుంచి ఒక్క పన్ను తీసి, లెక్క కట్టి, ఊరికి పంపడమే మూలకేంద్రం పని. ఊరు తేలితే సొంతవాళ్ళు మట్టి చేసుకుంటారు. తేలకపోతే అది ఊరులేని పన్ను. నేలమాళిగలో ఆరు వందల పదమూడు ఊరులేని పళ్ళున్నాయి. ఈరోజు నాలుగింటికి మృతుల పట్టికకు ఆఖరి ముద్ర పడుతుంది. ఆ తర్వాత అవి సున్నపు గానుగలోకి, అక్కడి నుంచి కొత్త కరకట్ట గోడలోకి పోతాయి.

కిటికీ దగ్గర నాంచారమ్మ కూర్చుని ఉంది. కౌముదికి చూడకుండానే ఆ సంగతి తెలుసు, సోమవారం కాబట్టి. పదకొండేళ్ళుగా ప్రతి సోమవారం ఆ ముసలామె వచ్చి కిటికీ అవతలి గట్టు మీద కూర్చుంటుంది. ఉప్పెననాడు ఎండుచేపలు అమ్ముకోవడానికి బందరు వెళ్ళి బతికిపోయింది. కాకిలంకలో మిగిలింది ఆమె ఒక్కతే. మొగుడూ, నాగేంద్రం అనే ఎనిమిదేళ్ళ కూతురూ ఊరితో పాటే పోయారు. కానీ కాకిలంక మట్టితో సరిపోయిన పన్ను ఇంతవరకు ఒక్కటి కూడా రాలేదు. పట్టికలో ఆ ఊరి ఎదురుగా ఇలా ఉంది: మృతులు లేరు, జనం వలస పోయి ఉండవచ్చు. కాలగణికి తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"కాకిలంకయి ఏమన్నా వచ్చినాయా అమ్మాయిగారూ?"

"లేదు పెద్దమ్మా."

ఎప్పుడూ ఇంతటితో కౌముది మళ్ళీ పనిలో పడేది. ఇవాళ అలా పడలేకపోయింది. ఎండ మండిపోతోందని తలుపు తీసి, లోపల బల్ల మీద కూర్చోమంది. అయినా ఆఖరి రోజు, ఎవరు అడుగుతారు.

నాంచారమ్మ సంచిలోంచి చిన్న విసురువల తీసింది. వట్టి చేతులతో కూర్చోవడం ఆమెకు రాదు. అంచున ఊడిన సీసపు గుండును తాడుకు తొడిగి, నోట్లో పెట్టుకుని, పక్కపళ్ళతో గట్టిగా నొక్కింది. గుండు తాడును కరుచుకుంది. రెండోది తీసింది.

కౌముది చేతిలోని గొట్టం చేతిలోనే ఉండిపోయింది.

"పెద్దమ్మా, అది పళ్ళతో నొక్కుతారా?"

"మరి దేంతో నొక్కుతారు? పటకారుతో నొక్కితే తాడు తెగుద్ది. మా ఊళ్ళో పళ్ళొచ్చిన కాణ్ణుంచి అందరం ఇంతే. పిల్లలదే బాగా కుదురుద్ది, సన్నపళ్ళు గదా."

"ఈ సీసం ఎక్కడ కొంటారు?"

"కొనం. మా తాతల నాడెప్పుడో కొండల్లోంచి ఒక దిమ్మ తెచ్చారంట. ఊరంతటికీ అదే. మనిషి పోతే ఆడి వల గుండ్లు కరిగించి, ఊళ్ళో పుట్టినోడి వలకి పోస్తాం. పోయినోడి బరువు నీళ్ళలో ఉండాల, అప్పుడే చేప పడుద్ది అనేవోళ్ళు." ఆమె మూడో గుండు నొక్కింది. "ఈ గుండ్లలో మా మామగారున్నాడు."

అయితే కాకిలంకవాళ్ళ పళ్ళలో ఉండేది ఊరి మట్టి సీసం కాదు, ఈ దిమ్మది. ఆ ఆరు వందల పదమూడు పళ్ళకూ ఊరు లేకుండా చేసింది తానే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒకదాని వెనక ఒకటిగా ఈ పళ్ళన్నీ ఒకే అంకె ఇచ్చాయి, నాలుగో దశాంశం దాకా ఒకటే. బతికిన మనుషుల సీసం అలా ఉండదు, అన్నదమ్ముల మధ్యే తేడా ఉంటుంది. అంత పొందిక కనిపిస్తే పనివాడు ముందు తన గాజుసామాను అనుమానించాలి. ఆమె అదే చేసింది. గొట్టాలు మార్చింది, ఆమ్లం మార్చింది, అంకె మారలేదు. చివరికి ఒకేపోత నియమం రాసి కాలగణికి ఇచ్చింది: అయిదుకు మించి పళ్ళు ఒకే నిష్పత్తి చూపితే అది పరికరం అంటించిన సీసం, మనిషిది కాదు, ఏ ఊరితోనూ పోల్చవద్దు. ఆ తెలివికి మెచ్చి అప్పట్లో ఆమె జీతం పెంచారు.

"ఒక్క గుండు ఇస్తారా?"

నాంచారమ్మ వలకేసి చూసి, ఒకటి ఊడదీసి ఇచ్చింది.

గుండు కరగడానికి ఇరవై నిమిషాలు, కొలవడానికి మరో ఇరవై పట్టింది. 16.4127. 15.4483. నమూనా వయస్సు నూట నలభై కోట్లు. భూమ్మీద చేప పుట్టక ముందటి రాతిలోది. కౌముది నేలమాళిగ పట్టిక పక్కన పెట్టి చూసింది. అంకెలో అంకె సరిపోయింది.

కేంద్రాధిపతి దాశరథిగారు కబురు అందగానే వచ్చారు. నెమ్మదైన మనిషి. నిలబడే తెర చదివి, మళ్ళీ చదివి, కుర్చీ లాక్కున్నారు.

"కొట్టేయాల్సింది ఒక్క నియమమే," అంది కౌముది.

"ఒక్కటే. అది తీస్తే దాన్ని నమ్మి ఒక్కో ఊరి లెక్కకు వేసిన ముద్రలన్నీ లేస్తాయి. రెండు వందల పద్దెనిమిది ఊళ్ళు. ఇంకెన్ని తప్పులున్నాయో చూపించమని మనల్ని నిలదీస్తారు. పూడ్చినవాళ్ళని పైకి తియ్యమంటారు. అప్పుడు ఏ తల్లికి ఏం చెబుతాం?" ఆయన గొంతు తగ్గించారు. "ఒక పని చెయ్యి. ఓ యాభై పళ్ళు తీసి ఆవిడ చేతిలో పెట్టు. నేను చూడలేదనుకో. నియమం జోలికి పోకు."

"ఏ యాభై అండీ?"

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. కౌముదికి భయంగానే ఉంది. ఉద్యోగం పోతుందని కాదు. ఈ గదిలో కూర్చుని పదకొండేళ్ళు తాను పంపిన ప్రతి మనిషినీ రేపటి నుంచి ఎవరో ఒకరు అనుమానంగా చూస్తారని భయం. అయినా తెర ముందుకు జరిగి నియమం తెరిచింది. కొట్టివేతకు కారణం ఏమిటని కాలగణి అడిగింది. పరికరదోషం, మట్టిదోషం, మనిషిదోషం అని మూడు గడులు చూపించింది. ఆమె మూడోది నొక్కి, కింద తన పేరు రాసింది.

దాశరథిగారు కళ్ళు మూసుకున్నారు. గోడమీది పటంలో పెదరేవు దీపం పచ్చ నుంచి పసుపుకు మారింది. తర్వాత దాని పక్క ఊరు, దాని పక్క ఊరు. తీరం పొడుగునా ముద్రలు ఒక్కొక్కటే లేస్తూ పోయాయి. గానుగకు వెళ్ళాల్సిన బండి ఆగిపోయిందని కింద నుంచి ఎవరో ఫోను చేశారు. ఎవరూ ఎత్తలేదు.

కౌముది వచ్చి నాంచారమ్మ పక్కన బల్ల మీద కూర్చుంది.

"వచ్చారు పెద్దమ్మా. ఆరు వందల పదమూడు మంది."

వల మీద ఆమె చేతులు ఆగిపోయాయి.

"పాలపళ్ళు ఉన్నాయా?"

"నలభై ఏడు."

"అందులో మా నాగేంద్రం ఏదో తెలుసుద్దా?"

"తెలీదు పెద్దమ్మా. అందరిదీ ఒకే సీసం."

"పోనీలే. అన్నీ ఇయ్యండి. అందరూ మావోళ్ళే గదా." ముసలామె కొంగుతో మొహం తుడుచుకుని తవ్వోడలు కట్టే రేవు వైపు చూసింది. "ఇయ్యాలే వచ్చారా? ఏ ఓడ తెచ్చింది?"

అవునని చెబితే సరిపోయేది.

"ఇవాళ కాదు. మొదటి ఏడే వచ్చారు. ఈ గోడ వెనకే ఉన్నారు."

"నేను కిటికీ కాడ కూకున్నప్పుడల్లా?"

"ఉన్నారు పెద్దమ్మా. లోపల పెట్టింది నేనే."