నూట ఏడు పోగులు

పదకొండింటికి ఆఫీసు గోడమీది ఊరి పటంలో కొత్త జ్వరపు చుక్క వెలిగింది. సుభాషిణి దాని చుట్టూ ఉన్న పోగులను ఒక్కొక్కటే లాగి చూసింది. తాకేంత దగ్గరికొచ్చిన ప్రతి మనిషికీ ఒక పోగు. ఊళ్ళో మామూలు మనిషికి రోజుకు ఐదారు పోగులు. అలాంటివాళ్ళ దగ్గర జ్వరం రెండిళ్ళు తిరిగి తనంతట తానే ఆరిపోతుంది. ఆ చుక్కతో పోగున్న నూకాలుకు మాత్రం నూట ఏడు. ఆ ఒక్క ముడి తెంపితే అనకాపల్లి అంతా నిశ్చింతగా ఉండవచ్చు.

నూకాలు గాజులమ్మే మనిషి. ఈ నెలలో సీమంతాలెక్కువ. పేరంటానికొచ్చిన ప్రతి చెయ్యీ ఆమె చేతిలోకి రావలసిందే.

తెంపడమంటే నలభై రోజులు ఒంటరి గది. నిరుడు సెలూన్ చిట్టిబాబును తెంపిందీ సుభాషిణే. జ్వరం ఆగింది. బయటికొచ్చాక అతను మళ్ళీ కత్తెర పట్టలేదు. ఎవరు దగ్గరికొచ్చినా గోడకు అంటుకుపోతున్నాడు. పటానికి అవేం పట్టవు.

పటం చూసేవాళ్ళకు పోగులుండకూడదని నియమం. ఆరేళ్ళుగా సుభాషిణిది సున్నా. అన్నం కూడా కిటికీలోంచే వస్తుంది. ఎవరైనా తన చెయ్యి పట్టుకుంటే బాగుండునని ఆమెకు రోజూ అనిపిస్తుంది, సిగ్గు విడిచి కోరుకుంటుంది.

ఆమె ఫోన్ చేసింది. “నూకాలమ్మా, పటం ఆఫీసు నుంచి. నీ ముడి తెంపాలి. ఇవాళే.”

“నాకు జొరం లేదు కదమ్మా!”

“నిన్న నువ్వు గాజులేసిన అమ్మాయికి ఉంది.”

అవతల గాజుల మూట కడుతున్న చప్పుడు. “వస్తానమ్మా. కడుపుతో ఉన్నోళ్ళ సేతులు పట్టుకునేదాన్ని, నాకు తెల్దేటి? కానీ ఒక్కదాన్నే నలభై రోజులంటే... సిట్టిబాబుని సూసినాను. నానుండలేను తల్లీ.”

మధ్యాహ్నానికి నూకాలు ఆఫీసు కిందున్న ఒంటరి గదిలోకి చేరింది. సుభాషిణి మీట నొక్కింది. నూట ఏడు పోగులూ ఆరిపోయాయి. తర్వాత ఆమె కుర్చీలోంచి లేచి, మెట్లు దిగి, ఆ గదిలోకే వెళ్ళి తలుపు వేసేసింది. ఇక నలభై రోజులు ఎవరు లాగినా అది తెరుచుకోదు.

నూకాలు కంగారుగా లేచింది. “నువ్వెందుకొచ్చేవమ్మా? నాకుంటే నీకూ అంటుకుంటాది!”

“తెలుసు.”

పైన పటం గంట కొట్టడం మొదలుపెట్టింది. తెంపిన ముడికి కొత్త పోగొకటి, దాని రెండో కొస పటంలోనే లేని మనిషి దగ్గర. చూడవలసిన మనిషి కుర్చీ ఖాళీ.

“గాజులు తెచ్చావా?” అంది సుభాషిణి.

“మూట వదల్లేదమ్మా. నీ సైజెంత?”

“తెలీదు.” రెండు చేతులూ చాపింది. “నువ్వే పట్టుకుని చూడు.”