ఏడవని ఇల్లు

గౌరమ్మ పార్వతీపురం నుంచి వచ్చి, లిఫ్టులో పన్నెండో అంతస్తు చేరి, గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టగానే శోకం ఎత్తుకుంది.

"ఓలప్పో! నన్నొగ్గేసి ఎల్లిపోనావేటే..."

రెండో మాట బయటికి రాకముందే సూర్యకళ పరుగున వచ్చి పిన్ని నోటిని అరచేత్తో మూసేసింది.

"నీకు దండం పెడతాను పిన్నీ. ఇంట్లో ఏడవకూడదు."

గౌరమ్మ ఆ చేతిని విదిలించుకుంది. "ఏటే? తోడబుట్టిన అప్ప సచ్చిపోతే ఏడవకూడదా?"

సూర్యకళ తల్లి పైడమ్మ హాల్లో చాప మీద ఉంది. కాళ్ళ బొటనవేళ్ళు కట్టేశారు, తలవైపు దీపం పెట్టారు. ఆ దీపానికి ఎదురుగా, దేవుడి పటాల కింద గోడలో అరచేయంత రాగిబిళ్ళ ఒకటి ఆకుపచ్చగా వెలుగుతోంది. గౌరమ్మ కేకకు దాని అంచు పసుపు తిరిగింది. సూర్యకళ కూతురు, ఐదేళ్ళ మిన్ను, ఆ పసుపునీ అమ్మ చేతినీ మార్చి మార్చి చూసింది.

ఆ బిళ్ళే ఇంటినాడి. అప్పు మీద కొన్న ప్రతి ఇంటి గోడలోనూ ఆ కాలంలో అది ఉండేది. ఏడేళ్ళ స్థిరవడ్డీ నడిచినంతకాలం నిద్రపోయేది. గడువు తీరడానికి మూడు నెలల ముందు మేలుకుని, ఇంట్లోవాళ్ళ గొంతులూ అడుగులూ నిద్రా అన్నీ వినేది. ఆ సంసారం ఇకముందు వాయిదాలు సరిగ్గా కడుతుందో లేదో తేల్చేది. దాన్ని నాడికాలం అనేవారు. గోలగా ఉండే ఇళ్ళే అప్పు ఎగ్గొడతాయని ఎవరో మహానుభావుడు లెక్కలు కట్టి మరీ చెప్పాడు.

అప్పిచ్చిన సుస్థిర గృహనిధి మర్యాదగానే కబురు పెట్టింది. మీ పాత వడ్డీ ఇంక మూడు నెలలే. మీరేమీ తేల్చుకోకపోతే దానంతటదే చరవడ్డీలో పడుతుంది, అది ఎప్పుడు ఎంత పెరుగుతుందో చెప్పలేం. మళ్ళీ స్థిరవడ్డీ కావాలంటే నాడి చెప్పిన రేటుకు ఇస్తాం. వేరే సంస్థకు మారతామన్నా మాకు అభ్యంతరం లేదు. నిజమే, అభ్యంతరం ఎందుకుంటుంది? ఏ సంస్థకు వెళ్ళినా వాళ్ళు చూసేది ఆ నాడినే.

అందుకే ఆ భవనంలో మొగుడూ పెళ్ళాలు తగువాడుకోవాలంటే లిఫ్టెక్కి డాబా మీదికి వెళ్ళేవారు. నాలుగో అంతస్తు వాళ్ళు నాడికాలంలో ఓసారి గిన్నెలు విసురుకున్నారు. వాళ్ళ వడ్డీ పెరిగి ఏడాది తిరక్కుండానే ఇల్లు పోయింది. లారీలోకి సామాను ఎక్కిస్తుంటే అందరూ కిటికీల్లోంచి చూశారు.

పైడమ్మ కూడా చూసింది. ఉన్న మడిచెక్క అమ్మి ఈ ఇంటికి ముందు సొమ్ము కట్టింది ఆవిడే. మంచాన పడ్డాక కూతుర్ని దగ్గర కూచోబెట్టుకుంది.

"నాను పోతే ఏడ్సి ఇల్లు పోగొట్టుకోకండి. గడువయ్యాక తీరుబడిగా ఏడుద్దురు గాని," అని నవ్వి, చేతిలో చెయ్యి వేయించుకుంది. సూర్యకళ కూడా నవ్వుతూనే వేసింది. నాడికాలం మధ్యలోనే తల్లి పోతుందని ఆమె అనుకోలేదు.

శవం లేచేదాకా గౌరమ్మ నోట్లో కొంగు కుక్కుకుని కూచుంది. ఆడవాళ్ళు శ్మశానానికి వెళ్ళే ఆచారం వాళ్ళలో లేదు. ఆడదానికి ఏడవడానికున్న చోటు ఇల్లొక్కటే. గౌరమ్మ మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచింది.

"ఏడవడానికి వీలు నేని ఇల్లు ఎందుకే నీకు? ఈ గుమ్మం నానింక తొక్కను," అని వెళ్ళిపోయింది. సూర్యకళ ఆమెను ఆపలేకపోయింది. ఆపాలంటే ఏడుపొస్తుంది.

ఒకరోజు సూర్యకళ ఏడుద్దామనే డాబా మీదికి వెళ్ళింది. అక్కడ పక్కింటివాళ్ళు పెళ్ళిలో పెట్టిన చీరల గురించి కొట్టుకుంటున్నారు. కాసేపు నిలబడి దిగి వచ్చేసింది. మరోరోజు మిన్ను వంటింట్లో జారిపడి మోకాలు చీరుకుంది. ముందు గోడవైపు చూసి, పెదవి కొరుక్కుని, కుంటుకుంటూ వచ్చి చూపించింది. "మా బంగారమే" అని మెచ్చుకుంది సూర్యకళ. భర్త ధనుంజయ పిల్లకు మిఠాయి కూడా తెచ్చిపెట్టాడు.

గడువు తీరిన ఉదయం గోడలోంచి గృహనిధివారి గొంతు వినిపించింది.

"అభినందనలు. ఈ భవనంలో అన్నిటికంటే తక్కువ వడ్డీ మీకే వచ్చింది. మరో ఏడేళ్ళు మారదు. ఈ నాడికాలంలో మీ ఇంట చెప్పుకోదగ్గ విశేషాలేవీ నమోదు కాలేదు. ఒక మనిషి అడుగుల చప్పుడు మాత్రం ఆగింది. ఇంటి ఖర్చు తగ్గినట్టే కనుక దాన్ని కూడా మీకు మేలుగానే లెక్కగట్టాం."

"చాలా సంతోషమండీ," అన్నాడు ధనుంజయ అలవాటుగా. అన్నాక భార్య మొహం చూసి తల దించుకున్నాడు.

ఆకుపచ్చ వెలుగు ఆరిపోయింది. ఇల్లు దక్కింది. సూర్యకళ లోపలికి వెళ్ళి, ఉతక్కుండా దాచిన తల్లి దుప్పటి తెచ్చుకుని హాల్లో కూచుంది.

"ఇంక ఏడువు కళా. ఇంకేం ఫరవాలేదు," అన్నాడు ధనుంజయ మెల్లగా.

ఏడుపు రాలేదు. ఎక్కడో గడ్డకట్టుకుపోయినట్టుంది. తనేం కూతుర్నని తన మీద తనకే అసహ్యం వేసింది. దుప్పటిలో మొహం పెట్టుకుంది. తల్లి కాల్చే అడ్డచుట్ట వాసన ఇంకా అందులో ఉంది. ఆ వాసనకు గొంతులోంచి ఏదో తెగినట్టు "అమ్మా..." అని పెద్ద కేక వచ్చింది.

మరుక్షణం చిన్న అరచెయ్యి వచ్చి ఆమె నోటిని గట్టిగా మూసేసింది.

మిన్ను రెండో చేత్తో అమ్మ మెడ పట్టుకుని, గోడవైపు తిరిగి నవ్వుతోంది. "ఏం లేదు. ఏం లేదు," అని ఆ బిళ్ళకు చెబుతోంది.

"అది పడుకుందిరా తల్లీ. ఇంక వినదు. అమ్మని ఏడవనీ," అన్నాడు ధనుంజయ. "నువ్వూ ఏడవచ్చు. అమ్మమ్మ కోసం."

పిల్ల అతన్ని ఒకసారి చూసి, మళ్ళీ గోడను చూసింది. సూర్యకళ కన్నీళ్ళు ఆ చిన్న వేళ్ళ మీదుగా కారుతున్నాయి. మిన్ను చెయ్యి తియ్యలేదు.