వీపు మీద రెండు అరచేతులు

"మా మామగారిని నేనే కాలవలోకి తోశానంటున్నారు పిన్నిగారూ," అన్నాడు అల్లుడు.

పిన్నిగారంటే ఆ ఊళ్లో పేరుమోసిన ప్రైవేటు డిటెక్టివ్. ఆవిడ దగ్గర పనిచేసే టైపిస్టుకి ఆవిడంటే ప్రాణం. పిన్నిగారు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే పిల్ల. వెంటనే నోటుబుక్కు తెరిచింది.

"ఆయన ఎలా పడున్నారు?" అడిగింది పిన్నిగారు.

"పొద్దున్నే కాలవ గట్టున, బోర్లా. ఒళ్లంతా తడి. తల పక్కకి తిప్పి, చెంప కింద చెయ్యి పెట్టి ఉంది. ఊపిరి ఆడుతోంది. ఎత్తుకొచ్చేసరికి నా బట్టలూ తడిశాయి. వీపు మీద రెండు అరచేతుల కమిలిన గుర్తులు చూసి మా బావమరిది నన్ను పట్టుకున్నాడు. సాయంత్రంలోగా పోలీసులకి చెప్తాడట."

"మామగారేమంటారు?"

"మెట్టు దిగడం వరకే గుర్తుందట."

పిన్నిగారు వెళ్లి చూస్తే కాలవ మోకాలి లోతే. పాచిపట్టిన మెట్టు మీద పొడుగ్గా జారిన గీత, అక్కడే ఒంటి చెప్పు. గట్టు బురదలో రెండు గుంటలు, మధ్య మనిషి పట్టేంత ఎడం. పెద్దాయన వీపు మీది గుర్తులు నడుముకి కాస్త పైన ఉన్నాయి. బొటనవేళ్లు వెన్నెముక వైపు, మిగతా వేళ్లు పక్కటెముకల వైపు.

పక్కింట్లో ఉండేది పెద్దాయన అక్క, రిటైరైన డ్రిల్లు టీచరు. తండ్రిగారి గోడ గడియారం ఎవరింట్లో ఉండాలన్న తగవుతో పన్నెండేళ్లుగా అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు. ఆవిడ కుంటుతూ తలుపు తీసింది.

"మోకాళ్లకేమైంది?" అంది పిన్నిగారు.

"వయసైంది."

"మీ కిటికీలోంచి కాలవ కనిపిస్తుందా?"

"నేను అటు చూడను."

గోడ మీద పాత ఫొటో ఉంది. వరసగా బోర్లా పడుకున్న ఆడపిల్లలు, ఒక్కొక్కరి మీదా మోకాళ్ల మీద వంగిన ఇంకొకరు. ఇదేం ఆటో అనుకుంది టైపిస్టు.

సాయంత్రం పెద్దాయన మంచం చుట్టూ అందరినీ కూర్చోబెట్టింది పిన్నిగారు. అక్కగారు మాత్రం గుమ్మంలోనే నిలబడింది.

"నీళ్లలో మునిగినవాణ్ని బతికించడానికి మనిషి చెయ్యని పని లేదు," అంది పిన్నిగారు. "పీపా మీద దొర్లించారు. గుర్రం మీద బోర్లా వేసి పరుగెత్తించారు. కొలిమి తిత్తితో గాలి ఊదారు. వెనక దారిన పొగాకు పొగ కూడా పట్టించారు."

పెద్దాయన కంగారుగా దుప్పటి సర్దుకున్నాడు.

"తర్వాత చాలాకాలం ఒక పద్ధతి నేర్పారు. బోర్లా పడుకోబెట్టి, తల పక్కకి తిప్పి, తొడలకి అటూ ఇటూ మోకాళ్లూని, వీపు కింది భాగం నొక్కి వదలడం. బురదలో గుంటలు ఆ మోకాళ్లవే. నిలబడి తోసేవాడి చేతులు భుజాల దగ్గర పడతాయి, వేళ్లు పైకుంటాయి. ఇక్కడ అలా లేవు. మీ అల్లుడుగారు తను పనిచేసే ఫ్యాక్టరీలో నేర్చుకున్నది వెల్లకిలా పడుకోబెట్టి గుండె నొక్కడం. ఈ పాత పద్ధతి పిల్లలకి నేర్పినవాళ్లు ఇక్కడ ఒక్కరే ఉన్నారు. పెద్దాయన తనంతట తనే జారిపడ్డారు. ఆ చేతులు తోసినవి కావు, బతికించినవి."

బావమరిది ముఖం మాడిపోయింది. "బావా, బుద్ధి గడ్డి తిని అన్నాను," అంటూ అల్లుడి చేయి పట్టుకున్నాడు. అల్లుడు పొద్దుట్నుంచి బిగబట్టిన ఏడుపు అప్పుడు వదిలేశాడు.

"బతికించి ఎందుకెళ్లిపోయావక్కా?" అన్నాడు పెద్దాయన.

"నీ మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నానుగా. ఊపిరి అందింది, అల్లుడు వస్తున్నాడు, వచ్చేశాను. ఆ అబ్బాయి మీద పడుతుందని నాకేం తెలుసు? తెలిస్తే నోరు మూసుకునేదాన్నా?"

"పన్నెండేళ్లు మాట్లాడలేదు. అప్పుడైనా ఏమన్నా అన్నావా?"

అక్కగారు గుమ్మం దాటి వచ్చి మంచం అంచున కూర్చుంది. టైపిస్టు రాయడం ఆపేసింది.

"అన్నానురా. నొక్కినప్పుడల్లా 'పీల్చరా తమ్ముడూ, పీల్చు' అన్నాను."