ఎర్రగుంటలో బదులు పలికేది

తిరువూరు నుంచి వినగడప పోయే దారిలో ఎర్రగుంట ఉందే... పొద్దుగూకాక ఆ పక్కకి ఎవరూ పోయేవాళ్ళు కాదు. ఒకప్పుడు అక్కడ ఇనపరాయి తవ్వేవాళ్ళు. పెద్ద గనేం కాదులెండి, పైపైన తవ్విన గుంట. మూతపడ్డాక వానకి నీళ్ళు నిలిచేవి. ఆ నీళ్ళు ఎర్రగా... నెత్తురు కడిగినట్టు ఉండేవి. రాత్రిపూట లోపల్నించి ఠంగ్... ఠంగ్... అని చప్పుడు. దగ్గరికి పోతే రాళ్ళు పడేవి.

దెయ్యం అన్నారు. నేనూ అన్నాను. సైకిలు షాపువాడి నోరు ఊరుకుంటుందా? పంక్చరు వేయించుకోడానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నవ్వకండి, నవ్వడానికి చెప్పట్లేదు.

డెబ్భై నాలుగులో దత్తాత్రేయులు గారని రాళ్ళ ఆఫీసరు వచ్చారు. కుర్రాడు, కళ్ళజోడు. భూమిలో ఏ రాయి ఎక్కడుందో చూసి రాసుకునే ఉద్యోగం. సైకిలు నా దగ్గరే అద్దెకి తీసుకున్నారు. ఓ సాయంత్రం కొలతల పుస్తకం గుంటలోనే మర్చిపోయి వచ్చారు. మబ్బు పట్టింది. తడిస్తే పదిరోజుల పని నీళ్ళపాలు.

"రేప్పొద్దున వెళ్ళండి సార్" అన్నాను. వింటేగా!

ఇక్కణ్ణించి ఆయన నోటితో చెప్పిందే చెప్తున్నా.

సైకిలు గట్టున పెట్టి టార్చిలైటుతో దిగారట. పుస్తకం దొరికింది. వంగి తీసుకుంటుంటే —

ఠంగ్.

అలాగే ఉండిపోయారు. కాస్త ఆగి... ఇంకోటి. ఠంగ్. మొదటిది ఉత్తరం మూల నుంచి. రెండోది, కాస్త సన్నగా, దక్షిణం మూల నుంచి.

ఉత్తరానికి లైటు వేశారు. చెవి పక్కనుంచి రాయి దూసుకుపోయింది. రెండో రాయి మోకాలికి తగిలింది.

"పో... పోరా! ఇంకో అడుగేశావో, తల పగలగొడతా."

ఆడగొంతు. మెల్లగానే అంది, కానీ అందులో విషం ఉంది. ఒళ్ళంతా ఎర్రమన్ను, విరబోసుకున్న జుట్టు, చేతిలో గడ్డపార... సారు ముందు పాదాలు చూశారట. ఎంత చదువుకున్నా చూశారు పాపం. పాదాలు ముందుకే ఉన్నాయి.

"ఎవరమ్మా నువ్వు?"

"పుల్లమ్మని. లాజరు పెళ్ళాన్ని."

లాజరు ఆ గుంటలో కూలీ. ఐదేళ్ళ కింద పనికెళ్ళినవాడు ఇంటికి రాలేదు. 'ఇంకొకత్తితో లేచిపోయాడు' అన్నాడు కాంట్రాక్టరు. ఆ వారంలోనే ఇనుము అయిపోయిందని గుంట మూసేశాడు. దెయ్యం మాట పుట్టించిందీ ఆ దొంగముండాకొడుకే. మేం నమ్మాం. పుల్లమ్మ కనిపిస్తే మొహమ్మీదే నవ్వేవాళ్ళం. చర్చిలో ఆమె పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు.

"పగలు తవ్వితే కాంట్రాక్టరు మనుషులు తరిమారు సార్. అందుకే రాత్రిళ్ళు వస్తా. రాళ్ళేస్తే దెయ్యమనుకుని పోతారు. నా మొగుడు లేచిపోలేదు. ఇక్కడే ఉన్నాడు. బయటికి తీసి, పదిమందిలో మట్టి చేసుకోవాలి."

"మరి ఆ మూల తవ్వేదెవరు?" అన్నారు సారు, దక్షిణానికి వేలు చూపించి.

"ఎవరూ లేరు సార్. నేను కొట్టినప్పుడల్లా అటునుంచి అట్టా పలుకుద్ది."

"ఓ... ప్రతిధ్వని. చప్పుడు రాతిగోడకి తగిలి వెనక్కొస్తుంది" అన్నారు ఆయన. అనేసి, ఆ మూలకి లైటు వేసి చూశారు. చూస్తూ నిలబడిపోయారు.

"ఈ మూలే ఎందుకు తవ్వుతున్నావమ్మా?"

"ఆ రోజు ఈ మూలే పని చేసి వెళ్ళిపోయాడని కాంట్రాక్టరు చెప్పాడు సార్."

"చుట్టూ గోడలు చూడు. నల్లచార, ఎర్రచార, పొరమీద పొర... అన్నీ తూర్పుకే వాలి ఉన్నాయి. ఆ మూల చారలు మాత్రం తలోదిక్కూ చూస్తున్నాయి. ఆ రాయి అక్కడ పుట్టింది కాదు. పైనుంచి కూలింది. దాని వెనక ఇనుము ఇంకా ఉంది, అయిపోలేదు. మరి గుంటెందుకు మూసినట్టు?" ఆయన గొంతు తగ్గింది. "నువ్వు తప్పు మూల తవ్వావమ్మా."

మర్నాడు పోలీసుల్ని తెచ్చారు. నేనూ వెళ్ళాను. ఎర్రనీళ్ళు తోడుతుంటే నేను వెనక్కి జరిగాను. "తుప్పు నీళ్ళయ్యా, ఇనుము నానితే అంతే" అని కసిరారు సారు. రెండోరోజు మధ్యాహ్నం రాళ్ళ కింద ఒక చెప్పు దొరికింది. లారీ టైరు చెప్పు. ఆ టైరు ముక్క లాజరుకి నేనిచ్చిందే. మేకులు కొట్టింది నా చేత్తోనే. తర్వాత ఎముకలు తీశారు. కాంట్రాక్టరు ఇంటికి తాళం వేసుంది.

ఊరంతా వచ్చింది మట్టి చేయడానికి. సిగ్గు లేకపోతే సరి. "తప్పైపోయిందమ్మా" అన్నాను. పుల్లమ్మ నా మొహం కూడా చూడలేదు.

ఆ సాయంత్రం గడ్డపార పట్టుకుని మళ్ళీ గుంటకి నడిచింది. ఏమైపోతుందోనని నేనూ సారూ వెనకాలే వెళ్ళాం. తన ఉత్తరం మూలనే నిలబడి, బలం కొద్దీ కొట్టింది.

ఠంగ్.

చెవులు రిక్కించాం.

ఏమీ లేదు...

"ఆగండి" అన్నారు సారు. "కూలిన రాళ్ళే తీశాం, వెనక గోడ అలాగే ఉంది. ఇంకా గట్టిగా పలకాలి." ఆయన మొహాన చెమట.

మళ్ళీ కొట్టింది. మళ్ళీ. మళ్ళీ. అటునుంచి ఉలుకూ పలుకూ లేదు.

గడ్డపార జారిపోయింది. ఐదేళ్ళు మేమేమన్నా ఏడవని మనిషి, ఆ ఎర్రమట్టిలో కూలబడి గుండెలు బాదుకుంది.

"ఇక్కడున్నా, ఇక్కడున్నా అని రోజూ చెప్తానే ఉన్నాడయ్యా... నేనే ఇనుకోలేదు!"